తేరుకున్న సీసా

పాలు కాచి దించాక కదపకూడదు. ఇది మా అత్తగారి శాసనం. దించిన గిన్నె దించినట్టే గట్టుమీద ఉండాలి. మీగడ కట్టాలి. ఆ పైదంతా ముందు మా ఆయన గ్లాసులోకి జారాలి, తర్వాత ఆవిడ గ్లాసులోకి. అడుగున మిగిలిన నీళ్ళపాలు నాకు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి ఎవరూ చూడకుండా గరిటె పెట్టి గిర్రున తిప్పేసి ముగ్గురికీ ఒకేలా పోశాను. ఆవిడ తన కొడుకు గ్లాసులోకి తొంగి చూసి, “కదిపావు కదూ?” అంది. అరవలేదు, తిట్టలేదు. ఆ ఒక్క మాటకే నా చెవులు వేడెక్కిపోయాయి. ఇది జరిగి పన్నెండేళ్ళయింది. మళ్ళీ కదపలేదు.

ఇప్పుడావిడ ఆసుపత్రిలో ఉంది. పేగుకి ఆపరేషన్ అయి తొమ్మిది రోజులు. ఇంట్లో చూసేవాళ్ళు లేకపోయినా నా చెయ్యి మాత్రం గిన్నెని కదపకుండానే వంచుతోంది. ఈ పొద్దున అలా వంచుతుండగా మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

“అమ్మకి నోటిద్వారా ఏమీ ఇవ్వట్లేదు కదా, నరంలోకి ఆ తెల్ల సెలైన్ పెడుతున్నారు. మన కంపెనీదే. ఆసుపత్రిలో స్టాకు అయిపోవచ్చిందంటే నిన్న నేనే దగ్గరుండి కొత్త బ్యాచ్ ముందుగా లోడ్ చేయించాను. నలభై ఏడో నంబరుది.”

గ్లాసు నిండిపోయింది. పాలు గట్టు మీంచి కారి నా పాదాల మీద పడ్డాయి. వేడిగా ఉన్నాయని కాసేపటికి గానీ తెలియలేదు.

“ఏంటి, పాలని చూసి కూడా జడుసుకుంటున్నావా?” అని నవ్వాడు.

“నలభై ఏడా?”

“ఆఁ. ఏం?”

“ఏవండీ, అది అత్తయ్యకి పెట్టనివ్వకండి.”

“మొదలెట్టావా భూతద్దం? పాసయింది కదా. సంతకం పెట్టింది నువ్వే కదా?”

తేలు కుట్టిన దొంగ కిక్కురుమనడు అంటే అందరూ నవ్వుతారు. కుట్టిన చోట ఎంత మంటగా ఉంటుందో ఎవరూ చెప్పరు. “నేనే,” అన్నాను. ఆయన మీగడ పాలు నిలబడే తాగేసి, మూతి తుడుచుకుని, బండి తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. నేను నేల మీద కూర్చుని పాలు తుడిచాను. ఒకసారి తుడిచి, శుభ్రంగానే ఉన్నా మళ్ళీ తుడిచాను.

భూతద్దం అన్నది మా ఆయన నాకు పెట్టిన ముద్దుపేరు. చొక్కా మీద మరక, గొంతులో వెటకారం, ఎవరి ముందో అన్న చిన్న మాట, ఇలాంటివన్నీ పెద్దవి చేసి చూస్తానట. ఏం చేయను, నా ఉద్యోగమే అది. మా కంపెనీలో ఆయన సరుకు పంపే విభాగంలో ఉంటాడు, నేను లాబ్‌లో. అన్నం తినలేని రోగులకి నరంలోకి ఎక్కించే ఆ తెల్లటి మందులో కంటికి కనపడని బొట్లుంటాయి. వాటిని కొలుస్తాను. నీళ్ళూ నూనె కలవవంటారు కదా, కలుస్తాయి. నూనె తనని తాను కోట్ల ముక్కలు చేసుకుంటే కలుస్తుంది. నీళ్ళకి పోయేదేమీ లేదు. కాపురాల సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు.

ముక్కలు ముక్కలుగా ఉన్నంతసేపూ పాలలా తెల్లగా, ముచ్చటగా ఉంటుంది. ఎక్కడో తయారీలో తేడా వస్తే కొన్ని బొట్లు మళ్ళీ ఒకదాన్నొకటి వెతుక్కుని అతుక్కుంటాయి. లావెక్కుతాయి. ఐదు మైక్రాన్లు దాటాయంటే ప్రమాదం. ఐదు మైక్రాన్లంటే ఎంతో కాదు, తలవెంట్రుకని పదిహేను పాయలు చేస్తే అందులో ఒక పాయంత. కానీ ఊపిరితిత్తుల్లో అంతకంటే పెద్దగా ఏమీ లేని నాళాలుంటాయి. అక్కడికెళ్ళి అడ్డం పడుతుంది. పెద్దవాళ్ళు కొందరు తట్టుకోవచ్చు. అందుకే నా మిషన్‌లో సన్నటి వెలుతురు ఉంటుంది. మందుని ఆ వెలుతురు ముందునుంచి పంపిస్తే, పెద్దబొట్టు వెళ్ళినప్పుడల్లా నీడ పడుతుంది. మిషన్ నీడల్ని కొలిచి అంకె చెబుతుంది. మొత్తం నూనెలో పెద్దబొట్ల వాటా నూటికి సున్నా పాయింట్ సున్నా ఐదు దాటకూడదు.

కొలిచే ముందు ఒక చిన్న పని ఉంది. సీసాని నెమ్మదిగా పదిసార్లు తలకిందులు చేయాలి. నిలబెట్టి వదిలేస్తే లావు బొట్లు పైకి చేరుకుంటాయి, పాల మీద మీగడలాగే. అప్పుడు మధ్యలోంచి తీస్తే వాటి జాడే దొరకదు. నాకు పని నేర్పిన పెద్దావిడ ఉండేది, మేమంతా సీనియరమ్మ అనేవాళ్ళం. “గట్టిగా ఊపకు, నురగొస్తుంది. నిద్రపోయే పిల్లని ఒత్తిగిలబెట్టినట్టు తిప్పు. కానీ పదిసార్లూ తిప్పు. తొమ్మిది కాదు,” అనేది. రిజిస్టర్‌లో దానికొక గడి కూడా ఉంటుంది. తిప్పాక అందులో టిక్కు పెట్టాలి. ఏడేళ్ళలో ఆ గడిలో నేను వేల టిక్కులు పెట్టి ఉంటాను. ఒకటి తప్ప అన్నీ నిజమే.

రెండు వారాల కిందట సోమవారం నలభై ఏడో బ్యాచ్ మిషన్‌లో పెట్టాను. సున్నా పాయింట్ ఒకటి ఒకటి. ఇంకో సీసా తెచ్చి తిప్పి పెట్టాను. మళ్ళీ అదే. కాగితం తీసుకుని పెద్దసారు గదికి వెళ్ళాను. లాబ్ మొత్తానికి ఆయనే పెద్ద. కోప్పడే మనిషి కాదు. ఎప్పుడూ నన్ను “అమ్మా” అనే అంటాడు. అలా అన్నప్పుడల్లా నా పని నాకు రాదేమో అనిపిస్తుంది.

“మిషన్ కడిగావా అమ్మా?”

“కడిగాను సార్. రెండుసార్లు.”

“ఎక్కువ తిప్పుతున్నావేమో. ఆ ఊపుకే అతుక్కుంటున్నాయి. ఒక పని చెయ్యి. సాయంత్రం సీసాని అలమారలో నిలబెట్టి వెళ్ళు. పొద్దున కదపకుండా, సిరంజితో మధ్యలోంచి మెల్లగా తియ్యి.”

“అలా తీస్తే పెద్దవి రావు కదా సార్.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నువ్వు ఆలోచించుకో అమ్మా,” అన్నాడు. నేను ఆలోచించుకోవడానికి వెళ్ళాను. ఆయన మా ఆయన దగ్గరికి వెళ్ళాడు.

ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బొట్లు కొలిచేది నేను, డిగ్రీ నాది, ఏడేళ్ళ అనుభవం నాది. నాతో మాట్లాడాల్సిన మాట సరుకు లారీల దగ్గర నిలబడ్డ మా ఆయనతో మాట్లాడాడు. మీ ఆవిడకి కాస్త నచ్చజెప్పు అన్నాడట. సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అందుకున్నాడు.

“నా పరువు తీయాలనే ఉందా నీకు? వచ్చేనెల నన్ను షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ చేద్దామనుకుంటున్నారు. సీసాలో ఉన్నదంతా ఒకటే కదా, పైనుంచి తీస్తే ఏంటి, మధ్యనుంచి తీస్తే ఏంటి?”

“ఒకటి కాదండీ. అదే నేను చెబుతున్నది.”

“సరే, నీ ఇష్టం. అంత కష్టంగా ఉంటే మానెయ్. అమ్మకి కూడా ఆపరేషన్ అంటున్నారు, ఇంట్లో మనిషి కావాలి.”

ఆ తర్వాత మాట్లాడటం మానేశాడు. ఆయన కొట్టడు. కొట్టే మనిషైతే ఎవరికైనా చెప్పుకోవచ్చు. మాట్లాడడు, అంతే. పెట్టిన కంచం పెట్టినట్టే ఉంటుంది. నేను గదిలోకి వస్తే ఆయన బయటికి వెళ్తాడు. ఒకసారి పదకొండు రోజులు అలా ఉన్నాడు. ఆ పదకొండు రోజుల్లో నేను చేయని తప్పుకి ఎన్ని క్షమాపణలు చెప్పానో నాకే లెక్కలేదు. మళ్ళీ ఆ రోజులు వస్తాయేమోనని భయం. ఉద్యోగం పోతే ఆ ఇంట్లో, ఆ మూతి ముడుపుల మధ్య, పొద్దస్తమానం ఉండాలని ఇంకా భయం. బయట నాకంటూ ఉన్నది ఆ మిషన్ ముందు స్టూలొక్కటే.

మంగళవారం పొద్దున అలమార తెరిచాను. సీసా బుద్ధిగా నిలబడి ఉంది. ఊపిరి బిగబట్టి, కదపకుండా, మధ్యలోంచి తీశాను. కదపకుండా తీయడంలో నాకు పన్నెండేళ్ళ అనుభవం ఉంది కదా. సున్నా పాయింట్ సున్నా మూడు. పాస్. తలకిందులు చేశాను అన్న గడిలో టిక్కు పెట్టాను. కింద సంతకం పెట్టాను. పెద్దసారు వచ్చి చూసి, “చూశావా అమ్మా, కాసేపు వదిలేస్తే అదే తేరుకుంటుంది,” అన్నాడు.

ఆ మాట నేను ఇంతకుముందు విన్నాను. ఐదో నెలలో నాకు కడుపు పోయినప్పుడు, తలుపు అవతల మా అత్తగారు చూడ్డానికి వచ్చినవాళ్ళతో అంది. “దాన్ని కదిలించకండి. కాసేపు వదిలేస్తే అదే తేరుకుంటుంది.” ఎవరూ కదిలించలేదు. నాలుగో రోజు లేచి పాలు కాచాను. తేరుకుంది పిల్ల అన్నారు.

ఈ పొద్దున పాలు తుడవడం అయ్యాక లాబ్‌కి వెళ్ళలేదు. చెప్పులేసుకుని ఆసుపత్రి బస్సెక్కాను. సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. దారిపొడుగునా ఒకటే లెక్క. నిన్న మధ్యాహ్నం లోడ్ అయితే సాయంత్రానికి చేరి ఉంటుంది. రాత్రే పెట్టి ఉంటే ఈపాటికి సగం సీసా లోపలికి వెళ్ళి ఉంటుంది. ఆయాసం వస్తుంది. పెదాలు నల్లబడతాయి. పెద్ద వయసు, ఏదో అయింది అంటారు. ఎవరికీ అనుమానం కూడా రాదు. అత్తా ఒకింటి కోడలే అంటారు గానీ నాకు అత్త మీద ఉన్న కోపాలు తక్కువేం కాదు. ఒకటి రెండుసార్లు, గిన్నెలు తోముతూ, ఈవిడ లేకపోతే ఎలా ఉంటుందో అని కూడా అనుకున్నాను. అలా అనుకున్న మనిషిని, ఇప్పుడు ఈ పని చేశాను. రెండూ ఎవరైనా కలిపి చూస్తారేమోనని ఒళ్ళంతా చెమటలు పట్టాయి.

ఆసుపత్రి గుమ్మంలో కాపలాదారు కర్ర అడ్డం పెట్టాడు. “ఎవరి తాలూకు?”

“రెండో అంతస్తు, పదకొండో నంబరు మంచం. కోడల్ని.”

కర్ర తీశాడు. మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. అత్తయ్య కళ్ళు మూసుకుని ఉంది. గుండె పైకీ కిందకీ కదులుతోంది. స్టాండుకి తెల్లటి సీసా వేలాడుతోంది, లేబుల్ గోడవైపుకి తిరిగి ఉంది. ఒక్కొక్క బొట్టూ పడుతోంది. చెయ్యి చాస్తే అందుతుంది. అయినా చాపలేక మంచం పక్కన నిలబడిపోయాను.

ఆవిడ కళ్ళు తెరిచింది. నన్ను ఎగాదిగా చూసింది.

“ఏం పగలగొట్టావే?”

“ఏం లేదు అత్తయ్యా.”

“మరి ఆ మొహమేంటి? వాడికి మీగడ వేశావా?”

“వేశాను.”

“కదపలేదుగా?”

“లేదు అత్తయ్యా. కదపలేదు,” అంటుంటే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అది ఆవిడకి కనపడకూడదని అటు తిరిగి సీసాని పట్టుకున్నాను. మెల్లగా నావైపుకి తిప్పాను.

నలభై ఒకటి.

మళ్ళీ చదివాను. వేలు పెట్టి, బడిపిల్లలా ఒక్కొక్క అంకే చదివాను. నలభై ఒకటే. రెండు నెలల కిందటిది. దాన్ని నేను పదిసార్లూ తిప్పాను, నాకు గుర్తుంది. స్టూల్ మీద కూలబడ్డాను. హమ్మయ్య, హమ్మయ్య అని పైకే అంటున్నానేమో, మందులు పంచుతున్న నర్సు నవ్వింది.

“ఏంటమ్మా, అంత సంతోషం?”

“ఏం లేదు సిస్టర్. ఈ సీసా... కొత్త స్టాకు వచ్చిందన్నారు, అదేమో అనుకున్నాను.”

“ఈ వార్డుకి పాతవి ఇంకా రెండున్నాయి. కొత్తవి కింద పిల్లల వార్డుకిచ్చాం. నెలలు నిండకుండా పుట్టిన వాళ్ళకి అదే కదా తిండి. నిన్నటితో వాళ్ళ దగ్గర అయిపోయాయి. పది గంటలకి మారుస్తారు, పాపం పిల్లలు.”

గోడ మీద గడియారంలో పదికి పద్దెనిమిది నిమిషాలుంది.

నేను చేయాల్సిన పని మెట్లు దిగడం. అది చేయకుండా ఫోన్ తీసి మా ఆయనకి చేశాను. ఏ పనికైనా ముందు ఆయనకి చెప్పడం అలవాటు. వరండాలోకి వచ్చి, గోడకి ఆనుకుని, గొంతు తగ్గించి చెప్పాను. నలభై ఏడు నేను తిప్పలేదని, టిక్కు అబద్ధమని, తిప్పితే ఫెయిలయిందని చెప్పాను. నా జన్మలో ఆయనకి అంత సూటిగా ఎప్పుడూ ఏదీ చెప్పలేదు.

అవతల లారీల చప్పుడు. తర్వాత ఆయన గొంతు, ఎండిపోయి. “అమ్మకి పెట్టేశారా?”

“లేదండీ. అత్తయ్యది పాతది. కింద పిల్లల వార్డులో పెట్టబోతున్నారు.”

“హమ్మయ్య,” అన్నాడు.

ఫోన్ నా చెవి దగ్గరే ఉంది. ఆ మాట ఎక్కడో విన్నట్టు అనిపించింది. రెండు నిమిషాల కిందట నా నోట్లోంచి వచ్చిందే. అదే గొంతు, అదే నిట్టూర్పు. ఇన్నేళ్ళూ ఆయన వేరు, నేను వేరు అనుకున్నాను. ఆయన మీగడ తాగే మనిషి, నేను అడుగు తాగే మనిషిని అనుకున్నాను. మన గిన్నెలో పడలేదు కదా అనుకునే దగ్గర ఇద్దరం ఒకటే అయిపోయాం. చచ్చేంత సిగ్గేసింది.

“విను,” అంటున్నాడు. “ఇప్పుడు నోరు విప్పావంటే ముందు నీ మీదికే వస్తుంది. తర్వాత నా మీదికి. పోలీసులదాకా పోతుంది. ఇన్ని సీసాల్లో ఎవరికి ఏమవుతుందో ఎవరికి తెలుసు, ఏమీ కాకపోవచ్చు కూడా. అక్కడే కాసేపు కూర్చో. మంచినీళ్ళు తాగు. నువ్వే తేరుకుంటావు.”

ఆయన చెప్పినవన్నీ నిజమే. నా మీదికే వస్తుంది. ముందు వచ్చేదీ, చివరిదాకా ఉండేదీ నా మీదే. పెద్దసారు ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు, ఉత్తి మాట చెప్పాడు. మాటకి టిక్కు ఉండదు. ఉద్యోగం పోతుంది. ఈ ఇంట్లో పదకొండు రోజులు కాదు, పదకొండేళ్ళ మౌనం ఉంటుంది. అసలు ఇల్లంటూ ఉంటే. అక్కడే ఉన్న నల్లా దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నాను. తేరుకోవడమంటే ఏంటో నాకంటే బాగా ఎవరికి తెలుసు? లోపల లావెక్కినవన్నీ ఎవరికీ అందనంత పైకి పోతాయి. మధ్యలోంచి తీసి చూసినవాళ్ళకి అంతా తేటగా ఉంటుంది. పన్నెండేళ్ళుగా నన్ను అలాగే తీసి చూస్తున్నారు. పాస్, పాస్ అంటున్నారు.

“ఏమే,” అని లోపల్నుంచి అత్తయ్య పిలిచింది. “ఎక్కడికి?”

“కిందికి అత్తయ్యా.”

“వాడికి చెప్పావా?”

“చెప్పాను,” అన్నాను. ఏమన్నాడని ఆవిడ అడిగేలోపే మెట్ల దగ్గరికి వచ్చేశాను.

ఫోన్ మళ్ళీ మోగుతోంది. మొదటి అంతస్తు దాటేసరికి ఆగి, మళ్ళీ మొదలైంది. ఎత్తలేదు. ఒక్కొక్క మెట్టుకీ కాళ్ళు వెనక్కి లాగుతున్నాయి. ధైర్యం వచ్చిందని అబద్ధం చెప్పను, రాలేదు. భయం అలాగే ఉంది. భయపడుతూనే దిగాను.

పిల్లల వార్డుకి అద్దాల తలుపు. లోపల వెచ్చటి పెట్టెల్లో అరచేతంత పిల్లలు, ఒంటికి మించిన గొట్టాలు. అంత చిన్న ఊపిరితిత్తుల్లో నాళాలు ఎంత ఉంటాయో నేను కొలిచి చెప్పగలను. బల్ల దగ్గర ఒక నర్సు అట్టపెట్టెలోంచి సీసా తీసి మూత మీద రేకు ఊడదీస్తోంది. తెల్లటి సీసా. చూడ్డానికి ఎంత బాగుందో. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

ఆమె నన్ను చూసి కంగారుపడింది. “ఇక్కడికి రాకూడదమ్మా! తల్లులు తప్ప ఎవరూ రాకూడదు. చెప్పులు కూడా విప్పలేదు! ఎవరి తాలూకు నువ్వు?”

కోడల్ని అనబోయాను. ఫలానావారి భార్యని అనబోయాను. నాలుకకి అలవాటైనవి అవే. ఆమె చేతిలో సీసా మీద నలభై ఏడు అని నాకు ఇక్కడికే కనిపిస్తోంది.

“ఆ సీసా తాలూకు,” అన్నాను. “దాన్ని పాస్ చేసింది నేనే. అబద్ధం రాశాను. ఎవరికీ పెట్టకండి.”